మెరవని చుక్క

"సాయంత్రం ఆరు గంటలకి ఆ అమ్మాయి బతికే ఉంది. నా రెండు కళ్లతో చూశాను," అన్నాడు డైరెక్టర్.

డిటెక్టివ్ ఆ రెండు కళ్ల వంకా తీరిగ్గా చూశాడు. బంగారు ఫ్రేము కళ్లద్దాల వెనక అవి ఎంతో ప్రశాంతంగా, నిద్ర చాలిన కళ్లలా ఉన్నాయి. ఎదురుగా పనిచేసిన మనిషి చచ్చిపోయి రెండు రోజులైనా కాలేదు.

"రెండు కళ్లున్నవాళ్లు నాకు రోజూ తగులుతూనే ఉంటారు సార్. చూసింది చూసినట్టు చెప్పేవాళ్లకే కరువు. ఇంకోసారి చెప్పండి. వరసగా."

డైరెక్టర్ విసుగ్గా ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ సర్దుకుని, "చెప్పండి సార్, ఏమీ అనుకోకండి. ఈయన పద్ధతే అంత," అన్నాడు.

మంగళవారం ఉదయం తొమ్మిదీ అయిదు. పరిశోధన సంస్థ మూడో అంతస్తులో డైరెక్టర్ గది. అక్కడ చేసే పని ఆటోఇమ్యూన్ జబ్బుల మీద. అంటే, ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే ఒంటి మీద తిరగబడే జబ్బులు. కీళ్లు వాస్తాయి, చర్మం మండుతుంది, ముదిరితే మూత్రపిండాలు పోతాయి. వాటికి డైరెక్టర్ ఒక కొత్త మందు కనిపెట్టానంటున్నాడు. రెండేళ్లుగా నలభై ఒక్కమంది రోగుల మీద అది పరీక్షలో ఉంది.

ఆ రోగుల రక్తాన్ని పరీక్షించే పరిశోధకురాలు ఆదివారం చనిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. ల్యాబ్‌లో అందరూ చిన్న డాక్టరనేవారు. సోమవారం పొద్దున్న మైక్రోస్కోప్ గదిలో, బల్ల పక్కన నేల మీద దొరికింది. తలకి వెనక దెబ్బ. చీకట్లో కాలు జారి బల్ల మూల తగిలి పోయిందని పోలీసులు నాలుగు లైన్లు రాసి చేతులు దులుపుకున్నారు.

ఆమె తండ్రి దర్జీ. నిన్న సాయంత్రం టేపు మెడలో వేసుకునే డిటెక్టివ్ ఆఫీసుకొచ్చాడు. "ఆరేళ్లుగా అదే గదిలో పని చేస్తోంది బాబూ. కళ్లు మూసుకుని నడవగలదు. జారిపడిందంటే నేను నమ్మను," అన్నాడు. ఏడవలేదు. డిటెక్టివ్ ఏడ్చేవాళ్లని పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ఏడవకుండా నిలబడిన ఆ మనిషిని మాత్రం కూర్చోమన్నాడు.

పోలీసుల్లో డిటెక్టివ్‌కి చేదుమాత్ర అని పేరు. మింగలేరు, ఉమ్మలేరు. పోలీసులు సీలు వేసిన గదిలోకి అతన్ని రానిచ్చింది చట్టం కాదు, చుట్టరికం. ఇన్‌స్పెక్టర్ అతని భార్యకి స్వయానా తమ్ముడు. రాత్రి అక్క ఫోన్‌లో అరిచిన అరుపుకి తమ్ముడు దిగొచ్చాడు.

"నేను ఆదివారం మూడూ యాభై అయిదుకి వచ్చాను," అన్నాడు డైరెక్టర్, చిన్నపిల్లలకి పాఠం చెబుతున్నట్టు. "ఈ గదిలో రిపోర్టు రాసుకున్నాను. ఆరింటికి వెళ్తూ మైక్రోస్కోప్ గదిలోకి తొంగిచూశాను. చీకట్లో మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉంది. దీపం వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది. వెళ్తున్నానమ్మా అన్నాను. సరే సార్ అంది. ఆరూ అయిదుకి గేటు రిజిస్టర్లో సంతకం పెట్టాను. చాలా?"

"దీపం వెలుగుతోంది. అంతేనా?"

"వెలగకపోతే మైక్రోస్కోప్‌లో ఏం చూస్తుందండీ?"

"నాకేం తెలుసు సార్. మీరు చదువుకున్నవాళ్లు," అని డిటెక్టివ్ లేచాడు.

*

మైక్రోస్కోప్ గదికి కిటికీ లేదు. గోడలకి నల్లరంగు. తలుపు సీలు తీసి ఇన్‌స్పెక్టర్ పక్కకి జరిగాడు. వెనకాలే టెక్నీషియన్ వచ్చింది. యాభై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా స్లైడ్లు కడిగి కడిగి ఆమె చేతివేళ్లు ముడతలు పడ్డాయి. సోమవారం శవాన్ని మొదట చూసింది ఆమే.

"ఏం చూశారో అది చెప్పండమ్మా. ఏమనుకున్నారో వద్దు. అనుకునే పని పోలీసులు చేసేశారు."

"ఎనిమిదీ పదికి తలుపు తీశాను బాబూ. లోపల చీకటి. ట్యూబ్‌లైటు స్విచ్ వేశాను. చిన్న డాక్టరమ్మ కింద పడి ఉంది. నేను కేకపెట్టి బయటికి పరుగెత్తాను."

"మైక్రోస్కోప్ దీపం?"

"ఆరిపోయే ఉంది. దానికి కవరు కూడా కప్పి ఉంది."

"ఆ తర్వాత ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు. పోలీసులొచ్చి గది మూసేశారు."

డిటెక్టివ్ బల్ల మీది రిజిస్టరు తెరిచాడు. ఆ దీపం మామూలు బల్బు కాదు. ఇన్ని గంటలే వాడాలని లెక్క ఉంటుంది, అందుకే దాని పెట్టెకి గంటలు చూపే మీటరు బిగించి ఉంది. ఎవరు వెలిగించినా తేదీ, సమయం, మీటరు అంకె రాయాలి. ఆదివారం నాటి గడిలో ముత్యాల్లాంటి అక్షరాలు: రెండూ పది, నూట నలభై మూడు పాయింట్ సున్నా. ఆర్పిన సమయం గడి ఖాళీ.

అతను వంగి మీటరు చూశాడు.

"బామ్మర్దీ, ఇలా రా. ఈ అంకె చదువు. అద్దాలు కావాలా?"

"నూట నలభై అయిదు పాయింట్ మూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ పళ్లు బిగించి.

"అంటే ఆదివారం ఈ దీపం వెలిగింది రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. రెండూ పదికి వెలిగించింది. ఎప్పుడు ఆరిందో వేళ్ల మీద లెక్కపెట్టు. తొందర్లేదు, నేనాగుతాను."

ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టి, "నాలుగూ ఇరవై ఎనిమిది," అన్నాడు. వెంటనే, "అయితే ఏంటి బావా? మధ్యలో ఆపి, మళ్లీ వెలిగించి ఉంటుంది," అన్నాడు.

"ఈ దీపం ఒకసారి ఆర్పితే చల్లారేదాకా అరగంట వెలిగించకూడదు బాబూ," అంది టెక్నీషియన్ మెల్లగా. "ఆ పని చెయ్యదు చిన్న డాక్టరమ్మ. ఆర్పితే గడిలో రాసి తీరుతుంది."

"మధ్యలో ఆపిందనే అనుకుందాం," అన్నాడు డిటెక్టివ్. "ఆరింటికి వెలుగుతూ ఉన్న దీపాన్ని, జారిపడి తల పగిలిన మనిషి లేచి ఆర్పిందా? ఆర్పి, కవరు కప్పి, మళ్లీ వెళ్లి పడుకుందా? పోనీ ముందే ఆర్పి అప్పుడు లేచిందంటావా. దీపం ఆర్పేవాడు ముందు ఏం చేస్తాడు? ట్యూబ్‌లైటు వేస్తాడు. ఈమె తలుపు తీసేసరికి రెండూ ఆరి ఉన్నాయి. తల బద్దలైన మనిషి దీపాలన్నీ ఆర్పి పోయిందని రాసుకున్నావు. నీ రిపోర్టు చదివితే నవ్వు రాలేదు. జాలేసింది."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. 'దీపం ఆర్పకుండా, కవరు కప్పకుండా బయటికి వెళ్లేవారిపై చర్య తీసుకోబడును.' కింద డైరెక్టర్ సంతకం.

"సంతకం పెట్టినవాడి ఏళ్లనాటి అలవాటు," అన్నాడు డిటెక్టివ్ ఆ కాగితాన్ని చూస్తూ. "మనిషిని నేల మీద వదిలేసి వెళ్లడానికి చెయ్యి వచ్చింది. దీపాన్ని వదిలేసి వెళ్లడానికి రాలేదు."

*

"మీరు గౌరవంగా మాట్లాడాలి బావగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వరండాలో. గొంతు తగ్గించాడు కానీ కోపం తగ్గలేదు. "ఆయన మా అమ్మని బతికించిన మనిషి. ఆ నలభై ఒక్కమందిలో అమ్మ ఒకతి. పోయిన నెల ఆయనే స్వయంగా చెప్పాడు, రక్తంలో జబ్బు ఆనవాలే లేదని. పాత మాత్రలన్నీ ఆపించాడు. అలాంటివాణ్ణి పట్టుకుని..."

"మీ అమ్మ నాకు అత్తగారు. ఆ సంగతి నువ్వు చెప్పక్కర్లేదు."

లోకంలో డిటెక్టివ్ చులకన చెయ్యని మనుషులు ముగ్గురో నలుగురో ఉంటారు. అందులో మొదటిది అత్తగారు. పెళ్లినాడే అతని ముఖం చూసి, "వీడు మంచివాడే, నోరే తిన్నగా లేదు," అన్న మనిషి.

"ఆవిడ బాగుపడితే నాకూ సంతోషమే. దానికి కృతజ్ఞతగా హత్యని మాఫీ చేస్తారా మీ స్టేషన్లో?"

జవాబు కోసం ఆగకుండా అతను డైరెక్టర్ గదిలోకి నడిచాడు. తలుపు వెనక కొక్కేనికి తెల్లకోటు వేలాడుతోంది. ఉతికి ఇస్త్రీ చేసినంత శుభ్రంగా ఉంది. చేతులు మాత్రం రెండేసి మడతలు మడిచి ఉన్నాయి. డిటెక్టివ్ ఎడమచేతి మడత విప్పాడు. లోపల, కుట్టు పక్కన, మినపగింజంత గోధుమరంగు మరక.

"ఇదేంటి సార్?"

డైరెక్టర్ కుర్చీలోంచి లేవలేదు. ఒక్క క్షణం మాత్రం చేతిలో పెన్ను ఆగింది. "కుందేలు రక్తం. శనివారం కుందేళ్లకి రక్తం తీశాను. జంతువుల గదిలో రికార్డుంది. చూసుకోండి."

"కోటు సీజ్ చేస్తాం సార్, మరోలా అనుకోకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నసుగుతూ. "మా ల్యాబ్‌కి పంపితే పదిరోజుల్లో తేలిపోతుంది."

"పదిరోజులు నన్ను దొంగలా చూస్తారా?" డైరెక్టర్ నవ్వాడు. "నా ల్యాబ్‌లో గంటలో తేలుతుంది. మనిషి రక్తాన్ని గుర్తుపట్టడమే ఇక్కడ మేం రోజూ చేసే పని. మా టెక్నీషియనే చేస్తుంది, మీ కళ్ల ముందే. ఒకే షరతు. కుందేలు అని తేలాక ఈ పెద్దమనిషి నాకు క్షమాపణ చెప్పాలి."

"చెబుతాను. అవసరమైతే కుందేలుకి కూడా," అన్నాడు డిటెక్టివ్.

*

టెక్నీషియన్ కోటు మరకలోంచి రెండు పోగులు కత్తిరించి ఉప్పునీళ్లలో నానబెట్టింది. ఆ నీటి చుక్కని గాజు స్లైడు మీద వేసి ఆరబెట్టింది. ఫ్రిజ్‌లోంచి రేకు చుట్టిన చిన్న సీసా తీసింది.

"ఏంటమ్మా అది? మా ఇన్‌స్పెక్టర్ గారికి అర్థమయ్యేలా చెప్పండి."

"యాంటీబాడీయే బాబూ. మేకలో తయారుచేస్తారు. మనిషి ఒంట్లోని యాంటీబాడీ ఎక్కడ కనబడినా వెళ్లి అతుక్కుంటుంది. కుందేలుదైతే వదిలేస్తుంది. దీనికి మెరిసే రంగు తగిలించి ఉంటుంది. నీలం వెలుగులో పెడితే పచ్చగా మెరుస్తుంది. వెలుతురు తగిలితే రంగు చస్తుంది, అందుకే ఈ రేకు."

"అంటే పోలీసుల్లో దొంగల్ని పట్టే పోలీసు. చేతిలో టార్చిలైటు. విన్నావా, ఇలాంటిదొకటి మీ శాఖకీ కావాలి."

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు తిరిగాడు.

"రోగుల రక్తం కూడా దీంతోనే చూస్తాం," అంది ఆమె. "స్లైడు మీద కణాలుంటాయి. తిరగబడిన యాంటీబాడీలు రోగి రక్తంలో ఉంటే ఆ కణాలకి అతుక్కుంటాయి. పైన ఇది పోస్తే మెరుస్తుంది. జబ్బు తగ్గితే మెరవదు." సీసా మూత తీయబోయి ఆగింది. "సార్, పక్కన కంట్రోల్ చుక్క పెట్టనా? తెలిసిన మనిషి రక్తం, పోల్చి చూసుకోడానికి..."

"ఒక్క మరకకి అంత హంగామా ఎందుకమ్మా? కానివ్వు," అన్నాడు డైరెక్టర్.

డిటెక్టివ్ అతని ముఖం వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. దీపం కవరు కప్పకపోతే చర్య తీసుకుంటానని గోడకి అంటించిన మనిషి, తన పరువు తేల్చే పరీక్షలో మాత్రం నియమం అక్కర్లేదంటున్నాడు.

స్లైడుని చీకటి పెట్టెలో అరగంట ఉంచాలి. ఆ అరగంటలో డిటెక్టివ్ శవపరీక్ష నోటు అడిగి తీసుకున్నాడు. రెండో పేజీలో చివరి వాక్యం దగ్గర అతని వేలు ఆగింది.

"ఎడమచేతి ఉంగరం వేలి కొసన తాజా సూదిపోటు. దీని సంగతేంటి?"

"దర్జీ కూతురు. సూది గుచ్చుకుంటే వింతేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీకు ఉద్యోగం ఇచ్చినవాళ్లని ఒకసారి చూడాలనుంది. ఆమె జీవితంలో గుండీ కూడా కుట్టుకోలేదు. వాళ్ల నాన్నే కుట్టేవాడు. సూది పట్టమంటే మైక్రోస్కోప్ పట్టుకుందని నిన్న చెప్పుకుని మురిశాడు. ఈ పోటు వేలి కొసన, సరిగ్గా మధ్యలో ఉంది. రక్తం చుక్క కావాలనుకునేవాళ్లు గుచ్చుకునే చోటు."

"ఎందుకు గుచ్చుకుంటుంది?"

"అదే ఆలోచిస్తున్నాను. నువ్వూ ప్రయత్నించు. అలవాటు లేని పని, జాగ్రత్త."

పదీ పదిహేనుకి స్లైడు కడిగి మైక్రోస్కోప్ కింద పెట్టారు. టెక్నీషియన్ చాలాసేపు చూసింది. తల అడ్డంగా ఊపింది.

"మెరవడంలేదు బాబూ."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. కటిక నలుపు. నిటారుగా నిలబడి మీసం సవరించుకున్నాడు. "కుందేలే బావగారూ. గుడ్డి గుర్రానికి పళ్లు తోమినట్టు పొద్దున్నుంచీ మమ్మల్ని నిలబెట్టారు. ఇప్పుడు క్షమాపణ చెప్పండి."

డైరెక్టర్ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అతని పెదవుల మీద జాలి కూడా ఉంది.

అప్పుడే వరండాలో కొరియర్ మనిషి పిలిచాడు. చేతిలో ఐసు పెట్టె. "సంతకం కావాలండీ. చిన్న డాక్టరు గారు ఉన్నారా?"

టెక్నీషియన్ వెళ్లి పెట్టె తీసుకుంది. మీద కాగితం చదువుతుంటే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. "అదే యాంటీబాడీ. కొత్త సీసా. శుక్రవారం ఆర్డరు పెట్టింది. డైరెక్టర్ గారి పేరు మీద కాదు, తన సొంత పేరు మీద, తన ఇంటి డబ్బుతో."

"ఇటివ్వు. నా ఫ్రిజ్‌లో పెడతాను," అని డైరెక్టర్ చెయ్యి చాచాడు. ఆ ఉదయం అతను తొందరపడటం అదే మొదటిసారి.

డిటెక్టివ్ పెట్టె మీద తన అరచెయ్యి ఆనించాడు. "చల్లగా ఉంది సార్. ఇక్కడే బాగుంది. ఇంకో స్లైడు చేద్దాం. నాలుగు చుక్కలు. ఇందాకటి మరకే రెండు చుక్కలు, మనిషి రక్తం రెండు చుక్కలు. ఒక జతకి మీ పాత సీసా, ఇంకో జతకి ఈ కొత్త సీసా. గంట పడుతుంది. కూర్చోండి."

"నాకు వార్డులో రౌండ్లున్నాయి. మీ ఆటలకి కూర్చోలేను."

"ఈయన్ని పంపించకు," అన్నాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌తో.

"ఏ కారణంతో ఆపమంటారు? కుందేలు రక్తం కోటుకి అంటించుకున్నాడనా?" ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వెళ్లి తనే తీసి పట్టుకున్నాడు. "మీరు వెళ్లండి సార్. పేషెంట్లు చూస్తుంటారు. ఈయన్ని నేను చూసుకుంటాను."

డైరెక్టర్ తల పంకించి వెళ్లిపోయాడు. మెట్ల మీద అడుగులు మొదట నెమ్మదిగా, మలుపు తిరిగాక వేగంగా వినిపించాయి. కింద గేటు దగ్గర కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టిన బూటు చప్పుడు కూడా వినిపించింది.

"సెల్యూట్ కూడానా?" అన్నాడు డిటెక్టివ్. "దండ వేయడం ఒక్కటే మర్చిపోయారు. సరే, చెయ్యి ఇలా చాపు. మనిషి రక్తం కావాలి."

"మీది పెట్టుకోండి!"

"నాది పెడితే రేపు కోర్టులో నేను మనిషిని కాదని నువ్వే సాక్ష్యం చెబుతావు. నీది ప్రభుత్వ రక్తం. ఎవరూ కాదనలేరు. ఉంగరం వేలు."

*

పదకొండూ ఇరవైకి నాలుగు చుక్కల స్లైడు తయారైంది. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పారు. దీపం వెలిగించేముందు టెక్నీషియన్ రిజిస్టర్లో సమయం రాసింది.

"పాత సీసా. మరక చుక్క. నలుపే," అందామె మైక్రోస్కోప్‌లోంచి తల ఎత్తకుండా.

"మా బామ్మర్ది చుక్క?"

ఆమె ఇంకా వంగి చూసింది. స్లైడు జరిపింది. మళ్లీ వెనక్కి జరిపింది. అద్దం తిప్పింది.

"ఇది కూడా... మెరవడంలేదు బాబూ."

"చూడు," అన్నాడు డిటెక్టివ్. "నీ కళ్లతోనే చూడు. సైన్సు తేల్చేసింది. నువ్వు కుందేలువి. నాకు ఎప్పట్నుంచో అనుమానమే."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. అతని సొంత రక్తం, గంట కిందట కళ్ల ముందు తీసిన రక్తం, నల్లగా పడి ఉంది.

"అంటే... ఈ పరీక్ష..."

"ఆ సీసా గుడ్డిది. కొత్త సీసా చుక్కలు చూపించమ్మా."

టెక్నీషియన్ స్లైడుని కొద్దిగా జరిపింది. ఒక్కసారిగా ఆమె ముఖం మీద పచ్చటి కాంతి ఊగినట్టయింది. ఇన్‌స్పెక్టర్ రక్తం చుక్క చీకట్లో లేతాకులా మెరుస్తోంది. దాని పక్కన, కోటు మరకలోంచి నానబెట్టి తీసిన చుక్క. అదీ పచ్చగానే మెరుస్తోంది.

"కుందేలు కాదు," అంది ఆమె. "మనిషి."

"ఎవరిదో మీ పెద్ద ల్యాబ్ పదిరోజుల్లో చెబుతుంది," అన్నాడు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌తో. "కుందేలుది కాదని మాత్రం ఇప్పుడే తేలింది. తన సీసా గుడ్డిదని వాడికి తెలుసు. తెలిసే గంటలో తేల్చేద్దామన్నాడు. కంట్రోల్ వద్దన్నాడు. ఆదివారం ఈ అమ్మాయి చేసింది కూడా ఇదే. సీసా మీద అనుమానం వచ్చింది. కొత్తది వచ్చేదాకా ఆగలేక తన వేలే గుచ్చుకుంది. తన రక్తమే మెరవలేదు. వాడికి ఫోన్ చేసి ఉంటుంది. మూడూ యాభై అయిదుకి వాడొచ్చాడు. నాలుగూ ఇరవై ఎనిమిదికి దీపం ఆర్పాడు. తర్వాత గంటన్నర కూర్చుని తుడిచింది రిపోర్టు కాదు, నేల."

"రోజూ కంట్రోల్ పెడతాం కదా బాబూ," అంది టెక్నీషియన్. ఎవరితోనో కాదు, తనతో తనే వాదిస్తున్నట్టు. "అది మెరిసేది. రోజూ మెరిసేది."

"ఎవరు పెట్టేవారు?"

"సారే. తన గదిలోనే, తన దగ్గరున్న వేరే సీసాతో తయారుచేసి తెచ్చిచ్చేవారు. నేను మైక్రోస్కోప్ కింద పెట్టడమే..." రేకు చుట్టిన పాత సీసాని చేతిలోకి తీసుకుని చూసింది. "ఎండలో పెట్టి రంగు చంపేశారో, వేరేదే పోసి ఉంచారో. రోగుల స్లైడ్లన్నీ దీంతోనే చేశాను. నా చేత్తో చేశాను. ఒక్కో స్లైడూ నల్లగా వస్తుంటే జబ్బు తగ్గిపోతోందని సంతోషపడ్డాను. మిఠాయి పంచుకున్నాం బాబూ."



ఇన్‌స్పెక్టర్‌కి విషయం ఎక్కడానికి కొంచెం టైం పట్టింది. ఎక్కాక మాత్రం గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. "అంటే ఆ నలభై ఒక్కమందికీ... జబ్బు తగ్గలేదా?"

"తగ్గలేదు. కనబడకుండా చేశాడంతే."

"అమ్మ మాత్రలు ఆపి ఇరవై మూడు రోజులైంది బావా." ఆ గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు. చిన్నప్పుడు అక్క వెనకాల దాక్కునే పిల్లాడే ఉన్నాడు. "నేనే ఆపించాను. వేసుకుంటానని పట్టుబడితే నేనే కోప్పడి డబ్బా లాక్కున్నాను. నిన్నట్నుంచి కాళ్లు వాచాయంటోంది. వయసుకి వస్తాయిలే అన్నాను."

డిటెక్టివ్ నాలిక మీద ఏదో మాట సిద్ధంగానే ఉంది. మింగేశాడు. "ఫోన్ చెయ్యి. ముందు ఆ మాత్రలు మొదలుపెట్టించు. తర్వాత ఆసుపత్రికి పంపిద్దాం. వాడి ఆసుపత్రికి కాదు. వేరేదానికి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ స్పీకర్లో పెట్టాడు. నాలుగు రింగుల తర్వాత ఎత్తింది అతని అక్క, డిటెక్టివ్ భార్య. అమ్మని చూడటానికి పొద్దున్నే తమ్ముడింటికి వెళ్లింది.

"అక్కా, అమ్మకి ఫోన్ ఇవ్వు. అర్జెంటు."

"అమ్మ లేదురా. ఇప్పుడే వెళ్లింది. కాళ్లు బాగా వాచాయని నేనే నీకు చేద్దామనుకుంటుంటే దేవుడిలా ఆయనే వచ్చారు."

"ఎవరు?"

"డైరెక్టర్ గారు. స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చారు. ఏదో ఇంజెక్షన్ చెయ్యాలట. నేనూ వస్తానంటే వద్దన్నారు, కార్లో చోటు లేదని. వెనక సీటు నిండా ఏవో పెట్టెలు, ఫైళ్లు. అమ్మని ముందు కూర్చోబెట్టుకున్నారు."

డిటెక్టివ్ ఫోన్ దగ్గరికి వంగాడు. "ఎంతసేపైంది?"

"మీరూ అక్కడే ఉన్నారా? పావుగంటవుతుందండీ. ఏం, ఏమైంది?"

"ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నానన్నాడు?"



"అదేంటండీ, తమ్ముడికి తెలుసన్నారుగా. వాడు పంపిస్తేనే వచ్చానన్నారు."

"మనం వెంటపడకుండా అడ్డం పెట్టుకున్నాడు," అన్నాడు డిటెక్టివ్. ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్ల వైపు పరుగెడుతున్నాడు.